పాట నడచిన బాట

కృష్ణాతీరమునుండి భద్రాచలమునకు పోవు బాట కొండపల్లి, మైలవరము, తిరువూరు మీదుగా సాగును. తిరువూరు ప్రాంతమునందే, నేటి గంపలగూడెము మండలములో, నెమలి యను గ్రామమున్నది. వేణుగోపాలస్వామి ఆలయముచేత ఆ గ్రామము ప్రసిద్ధి కెక్కినది. ఊరి పేరు నెమలి; ఊరి దేవుడు మురళీధరుడు. పింఛము, పిల్లనగ్రోవి అక్కడ ఒక్కచోట కూడినవి.

ఆ స్వామిని తలచుకొన్నప్పుడెల్ల మాకు భాగవత దశమస్కంధములోని వేణుగీతము గుర్తునకు వచ్చును. బృందావనములో మురళి మ్రోగినది. గోపికలు విన్నారు. విని ఊరకుండలేదు; తాము విన్నదానిని చెలులకు వర్ణించి చెప్పిరి. మురళి నూదినవాడు కృష్ణుడే గాని, ఆ నాదమును ఇంటింటికి చేర్చినది మాత్రము విన్నవారి మాట. ఇది మనము తరచు గమనింపని సంగతి.

కొత్త పాట యొకటి చెవిని పడి మనసున నాటినప్పుడు మనుష్యుడు చేయు మొదటి పని దానిని మరియొకరికి చెప్పుట. “ఇది విన్నారా? తప్పక వినండి” అను ఆ చిన్నమాట మన సంగీత చరిత్రలో చేసిన మేలు ఇంతంత కాదు. రాజుల ఆదరణము, పండితుల గ్రంథములు చరిత్రకెక్కినవి. ఈ చిన్నమాట అంతగా చరిత్రకెక్కలేదు. కనుక నేడు ఈ భద్రాచలపు బాటను, దాని ఇరుగుపొరుగులను ఆధారముగా చేసికొని, ఆ మాట పాటను ఊరినుండి ఊరికి, తరమునుండి తరమునకు, ఒక తీరునుండి వేరొక తీరునకు ఎట్లు చేర్చినదో శ్రోతలకు మనవి చేయ నెంచితిమి.

మొదట, ఆ మాట లేకపోయినచో ఏమగునో చూతము. తాళ్ళపాక అన్నమాచార్యుడు 1408లో జన్మించి 1503లో పరమపదించెను. ఆయన సంకీర్తనములు 32,000 అని ప్రతీతి. వానిని ఆయన వంశమువారు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని భాండాగారమున భద్రపరచిరి. తాటియాకు చెదలకు లోనగును, కాగితము చివికిపోవును. రాగిరేకునకు ఆ భయము లేదు. పాట మీద రాగము పేరు గూడ చెక్కియున్నది. ఒక వాగ్గేయకారుని కృతులకు ఇంతకంటె గట్టి కాపుదల మన దేశములో మరియెవ్వరును చేసియుండరు.

అయినను ఏమి జరిగినది? ఇరువదవ శతాబ్దిలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన పండితులు ఆ రేకులను చదివి, పరిష్కరించి ప్రకటించుటకు పూనుకొన్నప్పుడు సుమారు 14,000 పాటల సాహిత్యము లభించినది. కాని వానిలో చాల పాటలను అన్నమయ్యనాడు ఎట్లు పాడిరో చెప్పగలవారు లేకపోయిరి. నడుమ ఎక్కడనో, ఒకరు పాడగా విని మరియొకరికి పాడి చెప్పువారి వరుస తెగిపోయినది. సంగీతసాహిత్యములు రెండింటను నిండు పండితులైన రాళ్ళపల్లివారు ఎన్నో పాటలకు తిరిగి స్వరములు కూర్చవలసి వచ్చినది. రాగి మాటను దాచినది, బాణీని దాచలేకపోయినది.

ఇందుకు భిన్నమైన కథ త్యాగరాజస్వామిది. ఆయన 1767లో జన్మించి 1847లో సిద్ధిపొందెను. ఆయన కృతులను రాగిపై చెక్కించిన ప్రభువు లేడు. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము అను ఊళ్ళపేర మూడు శిష్యపరంపరలు ఏర్పడి వానిని నిలిపినవి. వీరుగాక మానాంబుచావడి వెంకటసుబ్బయ్య యను శిష్యుడుండెను. స్వామి పాడినది తెలుగున. పాడిన చోటు కావేరీతీరము. ఆ పాట తిరిగి కృష్ణాతీరమునకు రావలెనన్నచో, ఎవరో ఒకరు పోయి తేవలసినదే.

అట్లు తెచ్చినవారిలో ముఖ్యులు కృష్ణామండలములోని పెదకళ్ళేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. వారు వెంకటసుబ్బయ్యగారి శిష్యులై, నేర్చిన విద్యను ఈ సీమకు తెచ్చి శిష్యులకు పంచియిచ్చిరి. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, 1883లో పుట్టి 1951లో గతించిరి. పంతులుగారి శిష్యులలో సుప్రసిద్ధులు 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. వీరు 2016లో కీర్తిశేషులైరి. లెక్కించి చూడుడు. త్యాగరాజు పుట్టిననాటినుండి బాలమురళి గతించిననాటి వరకు 249 సంవత్సరములు. ఈ సుదీర్ఘకాలమును దాటుటకు పాటకు కావలసివచ్చినది ఐదుగురు మనుష్యులు మాత్రమే.

ఇక్కడ ఒక నిజమును మరుగుపరుపరాదు. విద్యను ధారాళముగా పంచినవారితోపాటు దాచుకొన్నవారును మన సంగీతలోకములో నుండిరి. ఒక అపురూపమైన పాఠమును తమ ఇంటి సొత్తుగా ఎంచి, తగిన శిష్యుడు దొరకలేదని ఎవ్వరికిని చెప్పక పోయినవారు గలరు. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. విద్యయే జీవనాధారమైనవానికి దానిని కాచుకొనుట సహజమే. కాని కాచుకొన్న పాట కాచినవానితోనే కాలధర్మము చెందును.

త్యాగరాజస్వామి గురువు మాత్రమే కారు, గొప్ప శ్రోత గూడ. మనము పట్టిన బాట భద్రాచలమునకు పోవుచున్నది గనుక రామదాసును స్మరింపక తీరదు. ఖమ్మము ప్రాంతమున నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహసీలుదారై, భద్రాద్రి రామునకు కోవెల కట్టించి, గోలకొండలో చెరసాలపాలైన కథ తెలుగువారికి చెప్పనక్కరలేదు. అది తానీషా కాలము. అనగా 1672–1687 సంవత్సరముల నడిమి మాట. త్యాగరాజు పుట్టునాటికి రమారమి నూరేండ్లు గడచినవి. గోలకొండ యెక్కడ, తిరువయ్యారెక్కడ! అచ్చుపుస్తకము లేదు, పొగబండి లేదు. అయినను త్యాగరాజస్వామి తన రచనలలో రామదాసును భక్తితో పేర్కొనిరి. ఆ కీర్తనలు అంత దూరము నడచి పోయినవన్నమాట. భజన గోష్ఠులలో పాడుకొన్నవారు, యాత్రలకు వచ్చి విని వెళ్ళినవారు వానిని మోసికొని పోయిరి. వారిలో ఒక్కరి పేరైనను మనకు మిగులలేదు.

పేర్లు మిగులని వారి ప్రసంగము వచ్చినది గనుక మరియొక వేణుగోపాలుని సంగతి చెప్పుదుము. నెమలివలెనే కృష్ణామండలములోని మొవ్వ గ్రామమున గూడ గోపాలస్వామి వెలసియున్నాడు. పదునేడవ శతాబ్దిలో క్షేత్రయ్య ఆ మువ్వగోపాలుని ముద్రతో పదములు చెప్పి, దక్షిణదేశమున ఆస్థానములయందు మన్ననలందెను. ఆ పదములను తరతరములుగా కంఠములలో నిలిపినది ఎవరు? కళావంతులైన స్త్రీలు. ఆటపాటలే వృత్తిగా గల ఆ కుటుంబములలో తల్లి కుమార్తెకు, అత్త మేనకోడలికి పదమును అభినయముతో సహా నేర్పినది. లోకము వారి పాటను విన్నది. వారిని మాత్రము దూరముగా నుంచినది. 1947లో మద్రాసు రాష్ట్రములో దేవదాసీ విధానమును రద్దుచేయు శాసనము వచ్చినది. స్త్రీల గౌరవమునకు అది అవసరమైన శాసనమే. కాని ఆ వృత్తితోపాటు ఎన్ని పదములు ఎన్ని ఇండ్లలో మూగవోయినవో లెక్కవేసినవారు లేరు.

చెన్నపట్టణములో వీణ ధనమ్మాళ్ ఇల్లు అట్లు మూగవోలేదు. ఆమె 1867–1938 నడుమ జీవించిన మహావిదుషీమణి. ఆమె ఇంట తెలుగు పదములు పెన్నిధివలె నిలిచినవి. మనుమరాండ్రైన బృంద, ముక్త వానిని గానమున, బాలసరస్వతి నృత్యమున లోకమునకు చూపిరి. కృష్ణాతీరమున పుట్టిన పదము, అరవసీమలో ఒక స్త్రీ ఇంట పెరిగి, రికార్డులవలన, రేడియోవలన తిరిగి మన ఇండ్లకు చేరినది. పుట్టింటివారు మరచినను మెట్టినింటివారు కాపాడిరి.

ఇంతవరకు చెప్పినది శాస్త్రీయ సంగీతము, భక్తి సంగీతము. పాట ఒక తీరునుండి వేరొక తీరునకు గంతువేయుట చూడవలెనన్న నాటకశాలకు పోవలెను. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు ఆంధ్రదేశమున తిరిగి హిందీ నాటకములాడిరి. ఆ ప్రదర్శనములు చూచినవారికి కథతోపాటు వరుసలు గూడ మనసు కెక్కినవి. పిమ్మట ఏర్పడిన తెలుగు నాటక సమాజములు ఆ ఉత్తరాది వరుసలలో తెలుగు మాటలు పొదిగినవి. మన బాటమీదనే ఉన్న మైలవరము ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో నాటక సమాజమునకు పేరుపొందిన చోటు. పాపట్ల కాంతయ్యగారి వరుసలు, కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యపఠనము ఆ సమాజముతో ముడివడిన పేర్లు. రాత్రి నాటకము చూచి బండి కట్టుకొని ఊరికి తిరిగిపోయిన రైతు, మరునాడు పొలములో ఆ పద్యమును రాగమెత్తి పాడినచో, చూడనివారికి నాటకము అందినట్లే.

గ్రామఫోను ఆ పనిని మరికొంత సులభము చేసినది. మన దేశమున అమ్మకమునకు పాటల రికార్డులు తీయుట 1902లో మొదలైనది. రికార్డునకు ఒక్కొక్క వైపున మూడు నిమిషములకు కొంచెము అటునిటుగా మాత్రమే పట్టును. గంటసేపు పాడు విద్వాంసుడు మూడు నిమిషములలో తన విద్యను చూపవలసి వచ్చినది. అయినను నాటక పద్యము, జావళి, కీర్తన, హాస్యపు పాట ఒకే పెట్టెలో పక్కపక్కన ఒదిగి కూర్చున్నవి. కాఫీ హోటలులో కూర్చున్నవాడు ఒక దానికై వచ్చి మరియొకటి విని పోయెను.

తరువాత రేడియో వచ్చినది. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రసారములు ప్రారంభించినవి. 1941లో మద్రాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారిని మనము రజనిగారని పిలుచుకొందుము. ఆయన కవి, గాయకుడు, స్వరకర్త. అన్నిటికంటె మిన్నగా, తాను విన్న మంచిని పదిమందికి చెప్పక ఊరకుండలేని రసికుడు. పదములు, కీర్తనలు, యక్షగానములు రచించిన తెలుగువారి చరిత్రను కూర్చి ఆయన వ్రాసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆయన లలితగీతములకు బాణీ కట్టిన చేతితోనే ఈ చరిత్రను వ్రాసెను. ఆయన దృష్టిలో పాత పాటకు, కొత్త పాటకు నడుమ గోడ లేదు.

విజయవాడ కేంద్రమునుండి వెలువడిన ‘భక్తిరంజని’ ఉదయపు వేళలకే ఒక రూపము దిద్దినది. బాలమురళీకృష్ణగారు ఆ కేంద్రమున పనిచేసిన కాలములో త్యాగరాజ పరంపరలో నేర్చిన కంఠముతోనే రామదాసు కీర్తనలు, అన్నమయ్య పాటలు, ఊరూర తిరుగు బైరాగులు పాడుకొను తత్త్వములు పాడి వినిపించిరి. అంతవరకు వీధి అరుగు దాటి లోపలికి రాని తత్త్వము, రేడియోవలన కచేరీ కీర్తన సరసన కూర్చున్నది. తంబుర మీటుచు భిక్షకు వచ్చినవాని పాటను తలుపు చాటునుండి విన్న గృహిణి, అదే పాటను ఆకాశవాణినుండి విని ఆశ్చర్యపడినది.

జానపద గేయముల సంగతియు నిట్టిదే. వింజమూరి అనసూయ, సీత అను సోదరీమణులు పల్లెటూళ్ళలో పనిపాటలవారు పాడుకొను గేయములను నేర్చి, స్వరపరచి, సభలలోను మద్రాసు రేడియోలోను పాడిరి. నాట్లపాట, దంపుళ్ళపాట సంగీతమనిపించుకొనునా యని సందేహించిన కాలమది. వారి మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి భావగీతములను పాడిన గొంతులే కూలివారి పాటలనుగూడ పాడుటచే ఆ సందేహము సడలినది. అనసూయాదేవిగారు తుదకు అమెరికాలో స్థిరపడి 2019లో హ్యూస్టనులో కన్నుమూసిరి. గోదావరీతీరపు వరిమడినుండి బయలుదేరిన పాట అంత దూరము పోయినది.

ఇప్పుడు శ్రోతల ఇండ్లలోనికి వత్తము. 1950, 1960లనాటి మాట. వీధికొక రేడియో యుండుట గొప్ప. దానికి తపాలా ఆఫీసులో లైసెన్సు రుసుము గూడ కట్టవలెను. పాట వచ్చుట మనకై ఆగదు. పోయినచో మరల ఎన్నడు వచ్చునో తెలియదు. అందుచేత మంచి పాట మొదలు కాగానే ఇంటి ఇల్లాలు ప్రహరీ మీదుగా, “వదినగారూ, త్వరగా రండి, మంచి పాట వస్తూ ఉన్నది!” అని కేక వేసెడిది. పొరుగింటామె చేతి తడి కొంగునకు తుడుచుకొనుచు వచ్చి, గుమ్మములో నిలిచి వినెడిది. పిల్లలు పాత లెక్కల పుస్తకములో చరణములు గబగబ వ్రాసికొనెడివారు. తప్పిపోయిన పంక్తికై వారములకొలది ఎదురుచూచెడివారు. కార్యక్రమ పత్రికలో రాబోవు కచేరీ క్రింద గీత గీసి, దానిని పక్కింటికి పంపెడివారు. పల్లెలలో పంచాయతీ రేడియో వద్ద నలుగురు చేరి వినెడివారు. మేము ఈ పత్రిక చదువరులలో పెద్దవారిని అడిగినచో, ఇటువంటి కేక ఒక్కటైనను గుర్తులేనివారు ఉండరని మా నమ్మకము.

ఇట్టి కేకకు, ఉత్తరువునకు భేదమున్నది. అది 1952లో తేటతెల్లమైనది. ఆ యేట కేంద్రమున సమాచార ప్రసార శాఖా మంత్రియైన కేస్కర్‌గారు శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమాపాట జనుల అభిరుచిని చెరుచుచున్నదని ఆయన తలంపు. ఆకాశవాణిలో సినిమాపాట కొన్ని సంవత్సరములు దాదాపుగా వినరాకపోయెను. శ్రోతలు ఏమిచేసిరి? రేడియో ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. 1952 డిసెంబరులో సిలోనునుండి మొదలైన బినాకా గీత్‌మాలా దేశమంతటను ప్రజల నాకర్షించినది. అందు అమీన్ సయానీ సోదరీమణులారా, సోదరులారా యని పిలిచి, ఇంటి మనిషివలె పాటలను పరిచయము చేసెను. చివరకు 1957 అక్టోబరు 3న మన ప్రభుత్వమే వివిధభారతిని ప్రారంభించి సినిమాపాటకు చోటిచ్చినది.

కేస్కర్‌గారి ఉద్దేశము చెడ్డది కాదు. ఆ కాలమున లలితసంగీతమునకు, శాస్త్రీయ కచేరీలకు లభించిన ప్రోత్సాహమువలన మనకు మేలే కలిగినది. కాని వినుమని చెప్పుటకు స్నేహము చాలును. వినవలదని చెప్పుటకు అధికారము గూడ చాలదు. మరియొక విశేషము. ఇంతకుముందు చెప్పిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి మనుమడు, తాతగారి పేరుగలవాడే, సినిమా సంగీత దర్శకుడయ్యెను. 1963లో వచ్చిన ‘నర్తనశాల’కు సంగీతము కూర్చినది ఆయనయే. త్యాగరాజు పాటను కృష్ణాతీరమునకు తెచ్చిన ఇల్లే సినిమాకు గూడ పాటలిచ్చినది. పాటల నడుమ మనము గీచిన గీతలను పాటలు లెక్కచేయవని దీనివలన తెలియుచున్నది.

నేడు కాలము మారినది. నెమలిలో నున్నవాడైనను, హ్యూస్టనులో నున్నవాడైనను చేతిలోని ఫోనును తాకినచో లక్షల పాటలు పలుకును. విన్న పాటలను లెక్కగట్టి, ఇది గూడ వినుమని ఆ యంత్రమే సూచించును. దానివలన మేలున్నది; ఎన్నడును విననివి వినగలుగుచున్నాము. కాని యంత్రము మనకు నచ్చినదానివంటి దానినే తరచు చూపును. మనకు నచ్చదని మనమే అనుకొన్నదానిని, “కాదు, ఒక్కసారి వినుము” అని చేయిపట్టి కూర్చుండబెట్టునది స్నేహితుడే. కీర్తన తప్ప వేరు విననివానికి తత్త్వమును, సినిమాపాట తప్ప వేరెరుగనివానికి పదమును రుచి చూపినది అట్టి మనుష్యుడే.

కనుక చదువరులకు మా విన్నపము ఒక్కటి. మీకు కొత్తగా దొరికిన పాటను మీవద్దనే దాచుకొనకుడు. ఈ వారములో ఒక్కరికైనను వినిపింపుడు. వినిపించునప్పుడు అది ఎవరు పాడినదో చెప్పుటతోపాటు, మీరు ఎవరివలన విన్నారో గూడ చెప్పుడు. త్యాగరాజునుండి బాలమురళివరకు గల ఐదు పేర్లను మనము ఒక్క గుక్కలో చెప్పగలుగుచున్నాము. రామదాసు కీర్తనను కావేరికి మోసినవాని పేరు, పదమును కాపాడిన కళావంతురాలి పేరు, వరిమడిలో గేయము నేర్పిన కూలి స్త్రీ పేరు చెప్పలేకున్నాము. వారి ఋణమును తీర్చుట ఇక సాధ్యము కాదు. మనకు చెప్పినవారి పేరైనను చెప్పుకొందము. ప్రహరీ మీదుగా పిలిచిన ఆ వదినగారి పేరుతో మొదలుపెట్టవచ్చును.